ఎంఏ తెలుగు నుంచి క్రైమ్ బీట్‌కి: ఒక ట్రైనీ కేస్ స్టడీ

తెలుగు దినపత్రికల్లో డెస్క్ మీద, ఆ తర్వాత శిక్షణ విభాగంలో చాలాకాలం పనిచేశాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎంఏ తెలుగు చదివినవాళ్లు కొందరుంటారు. "తెలుగు బాగా వచ్చినవాళ్లు కదా, ఇట్టే రాసేస్తారు" అని ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు అంటారు. ఆ తర్వాత రెండు మూడు నెలలు డెస్క్ ఇన్‌ఛార్జ్‌లు అదే మనిషి కాపీ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు, "ఇది వార్తా, వ్యాసమా?" అంటూ.

ఈ కేసు అలాంటి ఒక అమ్మాయిది. పేరు, జిల్లా రాయట్లేదు. ఆమెకు చూపించాకే ఇది బయటపెడుతున్నాను. దక్షిణ తెలంగాణలో పత్తి ఎక్కువగా వేసే ప్రాంతం వాళ్లది. తండ్రి ఆర్టీసీ కండక్టర్. డిగ్రీలో స్పెషల్ తెలుగు, యూనివర్సిటీలో ఎంఏ తెలుగు. చివరి సెమిస్టర్‌లో తెలంగాణ కథల్లో కథ చెప్పే గొంతు ఎవరిదన్న అంశం మీద చిన్న సిద్ధాంత వ్యాసం రాసింది. ఇంట్లో అనుకున్న దారి మనందరికీ తెలిసిందే: పండిత శిక్షణ, డీఎస్సీ, లేదంటే నెట్టో సెట్టో రాసి లెక్చరర్. నోటిఫికేషన్లు రాకపోతే ఖాళీగా కూర్చోలేక మా ప్రవేశ పరీక్ష రాసింది. జర్నలిజం మీద ప్రేమతో రాలేదని ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు ఆ జవాబు నచ్చింది. పక్కన కూర్చున్నాయనకు నచ్చలేదు.

ఆమెను తీసుకోవాలని నేను పట్టుబట్టింది వ్యాసం చూసి కాదు. వ్యాసం మామూలుగానే ఉంది, శ్రీశ్రీ, గురజాడ, ముగింపులో ఆశావాదం. పరీక్షలో ఇంకో ప్రశ్న ఉంటుంది: తప్పులున్న వార్తను దిద్దడం. ఆ ఏడాది ఇచ్చిన అగ్నిప్రమాదం వార్తలో కావాలనే ఒక మెలిక పెట్టాం. మంటలు ఎలా అంటుకున్నాయో కళ్లారా చూసినట్టు చెప్పే మనిషి, అంతకు రెండు పేరాల ముందు పొరుగూరి పెళ్లికి వెళ్లి ఉంటాడు. చాలామంది అచ్చుతప్పులు సరిచేసి, ఒత్తులు దిద్ది పేపర్ ఇచ్చేశారు. ఈ అమ్మాయి మార్జిన్‌లో "ఈయన అప్పుడు అక్కడ లేడు కదా?" అని రాసింది.

సాహిత్యం చదివిన మనిషి పత్రికకు ఎందుకు పనికొస్తాడన్నదానికి నా జవాబు ఆ మార్జిన్‌లో ఉంది. రాత అందరికీ నేర్పొచ్చు, నేర్పుతూనే ఉన్నాం. ఒక పాఠాన్ని అనుమానంతో, ఓపికగా, ఎవరు మాట్లాడుతున్నారో చూసుకుంటూ చదవడం మాత్రం ఆరు నెలల శిక్షణలో రాదు. ఎంఏ క్లాసులో రెండేళ్లు అదే చేస్తారు, దానికి బయట విలువ ఉందని మాత్రం వాళ్లకెవరూ చెప్పరు.

రాత దగ్గర మొదలైన గొడవ

మొదటి నెలల్లో ఆమె కాపీ చూస్తే డెస్క్‌కు టెన్షన్. ఒక మున్సిపల్ సమావేశం వార్త ఇలా మొదలుపెట్టింది: "పట్టణాభివృద్ధికి సంబంధించిన పలు ప్రతిపాదనలు సభ ముందుకు రాగా, సభ్యుల సుదీర్ఘ చర్చోపచర్చల అనంతరం, ప్రతిపక్ష సభ్యుల నిరసనల నడుమ నీటి పన్ను పెంపునకు ఆమోదం లభించింది." వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పు లేదు. మేం వేసింది ఇది: "పట్టణంలో నల్లా బిల్లు పెరుగుతోంది. మంగళవారం మున్సిపల్ సమావేశం దీనికి ఒప్పుకుంది." ఆ వెంటనే ఎంత, ఎప్పటి నుంచి, ఎవరికి మినహాయింపు. నిరసనలు ఆ తర్వాత.

లోపం భాషలో కంటే వరసలో ఉంది. సిద్ధాంత గ్రంథానికి ఒక పద్ధతుంటుంది: ముందు పూర్వ పరిశోధనలు, తర్వాత విశ్లేషణ, చిట్టచివర ఉపసంహారం. పత్రికలో ఉపసంహారమే ఇంట్రో, అంటే వార్త మొదటి పేరా. పైగా పేజీలో చోటు చాలకపోతే డెస్క్ వార్తను కింది నుంచి కోస్తుంది. ఆమె వార్తల్లో ప్రాణమంతా కిందే ఉండేది కాబట్టి, కోత పడిన మర్నాడు పేపర్లో పీఠికలు మాత్రమే మిగిలేవి. ఇది నాలుగైదు సార్లు జరిగాక తనే వరస మార్చుకుంది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నల పాఠం చెప్పినప్పుడు కలగని మార్పు, సొంత వార్త సగానికి తెగి కనిపించినప్పుడు కలిగింది.

అంకెలు ఇంకో తలనొప్పి. ఒక పన్ను 8 శాతం నుంచి 10 శాతానికి పెరిగితే "రెండు శాతం పెంపు" అని రాసేది. పెరిగింది రెండు శాతం పాయింట్లు. కట్టేవాడి మీద పెరిగిన భారం 25 శాతం. బడ్జెట్ పుస్తకంలో అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని మూడు కాలమ్‌లు ఉంటాయని, మంత్రిగారి ప్రసంగమంతా మొదటి కాలమ్‌లోనే తిరుగుతుందని ఆమెకు తెలియదు. ఏ తెలుగు శాఖలోనూ ఇది చెప్పరు. ఖాళీ దొరికినప్పుడల్లా పాత బడ్జెట్ కాగితాలు ముందేసి, ఒక శాఖకు కేటాయించినదెంత, చివరికి ఖర్చయిందెంత అని లెక్క కట్టించాం. విసుక్కుంటూనే చేసింది.

ఇక్కడ పత్రికల తరఫున ఒక సంగతి ఒప్పుకోవాలి. సాహిత్యం వాళ్లు అలంకారాలు మోసుకొస్తారని మనం నవ్వుతాం కానీ, మన జిల్లా పేజీల కావ్యం వాళ్లకంటే ముదురు. మండలాల నుంచి వచ్చే రోడ్డు ప్రమాదాల వార్తలు దిద్దే పని ఇచ్చినప్పుడు ఆమె ఒక సాయంత్రం ప్రింటవుట్ తెచ్చింది. "మృత్యుశకటమై దూసుకొచ్చిన లారీ", "మిన్నంటిన రోదనలు", "శోకసంద్రంలో గ్రామం", "విధి ఆడిన వింత నాటకం" అన్నీ పసుపు రంగు గీతలతో.

"సార్, కావ్యానికి అష్టాదశ వర్ణనలు అంటారు కదా. మనం పందొమ్మిదోది కనిపెట్టాం, యాక్సిడెంట్ వర్ణన."

నవ్వాను. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. ఈ వర్ణన తీసేస్తే ఒక్కో వార్తలో ఆరేడు లైన్లు ఖాళీ అవుతాయి, ఆ చోట్లో ప్రమాదం సరిగ్గా ఎక్కడ జరిగిందో రాయొచ్చు కదా అంది. కిలోమీటరు రాయి నంబరు, మలుపా, కల్వర్టా, డివైడర్‌లో గ్యాపా. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరగడం, లేదా పది మంది చనిపోవడం. ఎక్కడ జరిగిందో రాయకుండా ఎంత ఏడ్చినా ఆ లెక్క తేలదు. మా జిల్లా పేజీల్లో అప్పటి నుంచి ప్రమాదం వార్తకు స్థలం వివరం తప్పనిసరి చేశాం. రోదనలు పూర్తిగా ఆగాయని చెప్పను, తగ్గాయి.

అందరికీ కడుపునొప్పేనా?

శిక్షణ అయ్యాక పోస్టింగ్ దగ్గర వాదన వచ్చింది. సాహిత్యం చదివినవాళ్లను ఆదివారం అనుబంధానికో, ఫీచర్స్‌కో, ఎడిట్ పేజీకో పంపడం పత్రికల్లో అలవాటు. గౌరవంగానే పంపుతారు. కానీ మొదటి రెండేళ్లు పోలీస్ స్టేషన్, ఆసుపత్రి, కోర్టు, కలెక్టరేట్ తిరగని మనిషికి ఫీచర్ రాయడానికైనా సరుకెక్కడ నుంచి వస్తుంది? ఆమెను ఒక జిల్లా కేంద్రంలో క్రైమ్ బీట్‌కు పంపమన్నాను. ఆమె తండ్రి ఫోన్ చేసి, "ఆడపిల్ల, స్టేషన్ల చుట్టూ తిరగడమేంది సార్" అన్నారు. ఆ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. "తిరగనివ్వండి, ఇబ్బందైతే డెస్క్‌కి తెచ్చేసుకుంటాం" అన్నాను.

క్రైమ్ బీట్‌లో రోజువారీ సరుకంతా స్టేషన్ల నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రెస్ నోట్లే. ఆత్మహత్యలు సింగిల్ కాలమ్‌లో ఐదారు లైన్లు. "కడుపునొప్పి తాళలేక", "మనస్తాపంతో", "జీవితంపై విరక్తి చెంది". తెలుగు పేపర్ చదివే ఎవరికైనా ఈ మాటలు కంఠతా వచ్చు. డెస్క్‌లో అరనిమిషంలో పాస్ అవుతాయి.

ఆమె ప్రెస్ నోట్‌తో ఆగకుండా ఎఫ్‌ఐఆర్‌లు తీయడం మొదలుపెట్టింది. ఇందులో గూఢచర్యం ఏమీ లేదు. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఫిర్యాదు చేసినవాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలన్నది అంతకుముందు నుంచీ ఉన్న చట్టం. వెబ్‌సైట్‌లో దొరకనివి కుటుంబాల దగ్గర తీసుకుంది. అప్పటికి ఇలాంటి మరణాలు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 174వ సెక్షన్ కింద నమోదయ్యేవి. 2024 జులై 1 నుంచి ఆ పని దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 194వ సెక్షన్ చేస్తోంది.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది.

"సార్, ఈ రైతులందరికీ కడుపునొప్పేనా? వాక్యం కూడా ఒక్కటే సార్. 'గత కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, పలు ఆసుపత్రులలో చూపించినను నయం కాకపోవడంతో...' పేరు మారుతోంది, ఊరు మారుతోంది, మిగతాది మారట్లేదు."

"పోలీసులకు ఒక నమూనా ఉంటుందమ్మా. అందులో ఖాళీలు నింపుతారు."

"తెలుసు సార్. జానపద సాహిత్యం పేపర్లో చదివాం. కథ పాడేవాళ్లు కొన్ని కట్టుడు మాటలు పెట్టుకుని ప్రతి కథలోనూ అవే వాడతారు. కథలు వేరైనా పాడేది ఒకరే అని దాన్ని బట్టే పట్టుకోవచ్చు. ఇక్కడ పాడేది ఎవరా అని."

పాడేది స్టేషన్ రైటర్. ప్రతి స్టేషన్‌లోనూ ఫిర్యాదులు, పంచనామాలు రాసిపెట్టే కానిస్టేబుల్‌ను రైటర్ అనే పిలుస్తారు. ఫిర్యాదు "నేను" అని మొదలవుతుంది, ఆ "నేను" చనిపోయినాయన భార్య. కానీ బడి మొహం చూడని, పత్తి చేనులో కూలికి పోయే మనిషి "విరక్తి చెంది", "చూపించినను" అనదు. ఎంఏలో ఈ అమ్మాయి చేసింది సరిగ్గా ఇదే పని: కథలో "నేను" అన్నంత మాత్రాన ఆ గొంతు ఆ పాత్రదేనా, లేక రచయిత తన గొంతు పెట్టాడా అని చూడటం. అక్కడ దానికి మార్కులొచ్చాయి. ఇక్కడ దాని వెనక ఒక ఇంటికి డబ్బు రావడం, రాకపోవడం ఉంది.

ఆ ముడి కొంచెం వివరంగా చెప్పాలి. రైతు ఆత్మహత్యలకు ఎక్స్‌గ్రేషియా ఇచ్చే జీవో 421 ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చింది, లక్షన్నర రూపాయలు. తెలంగాణ ప్రభుత్వం 2015లో జీవో 194తో దాన్ని ఆరు లక్షలు చేసింది. ఐదు లక్షలు కుటుంబానికి, లక్ష అప్పుల సెటిల్‌మెంట్‌కు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ ఉండే త్రిసభ్య కమిటీ విచారించి, ఇది సాగు అప్పుల వల్ల జరిగిన మరణమేనని తేల్చాలి. ఆ కమిటీ ముందుకు వెళ్లే కాగితాల్లో మొదటిది ఎఫ్‌ఐఆర్. అందులో కడుపునొప్పి అని ఉంటే మిగతా కాగితాలు ఎన్ని ఉన్నా ఫైలు కుంటుతుంది. 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చాక పట్టాదారుల పరిస్థితి మారింది. 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఎల్‌ఐసీ ద్వారా ఐదు లక్షలు వస్తాయి, కారణంతో పని లేదు. పట్టా పాస్‌బుక్ లేని కౌలు రైతుకు ఆ బీమా లేదు. అతని ఇంటికి మిగిలింది పాత జీవోనే. అంటే ఎఫ్‌ఐఆర్‌లోని ఆ ఒక్క వాక్యం ఎవరి మీద అందరికంటే బరువుగా పడుతుందంటే, చేతిలో ఏ కాగితమూ లేనివాళ్ల మీద.

ఊళ్లకు వెళ్లింది. ఒక ఇంట్లో జరిగిన మాటలు ఆమె నోట్‌బుక్‌లో ఉన్నాయి.

"అవ్వా, ఫిర్యాదుల కడుపునొప్పి అని రాసి ఉంది. నువ్వే చెప్పినవా?"

"కడుపునొప్పెక్కడిది బిడ్డా? పురుగుమందుల దుకాణపాయన బాకీ కోసం మూడు దినాలకోసారి ఇంటి ముంగట కూసునేది. గా కాయితంల ఏం రాసిండ్రో నాకెట్ల తెలుస్తది? ఏలిముద్ర ఎయ్యమన్నరు, ఏసిన."

ఇక్కడ వార్త తయారైపోయిందనిపిస్తుంది. ఆమెకూ అలాగే అనిపించింది. పోలీసులు రైతు మరణాలను దాచేస్తున్నారు అని గట్టిగా ఒక కాపీ పంపింది. దాన్ని ఆపాం. నేను రాసిన నోట్‌లో ఉన్నది ఇంతే: ఒక పాఠంలో ఒకే వాక్యం పదేపదే వస్తోందన్నది మనం చూసింది, ఎందుకు వస్తోందన్నది మనం ఊహించింది. ఈ రెంటి మధ్య దూరం పూడ్చకుండా వేయలేం. సాహిత్య విమర్శలో వ్యాఖ్యానానికి ఆధారం పాఠంలోనే చూపిస్తే చాలు. పత్రికలో బతికున్న మనుషులను అడగాలి, వాళ్ల జవాబు వేయాలి. ఎంఏ నుంచి వచ్చేవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కేది ఈ తేడానే.

మళ్లీ వెళ్లింది. ఈసారి ఫిర్యాదు కాగితాన్ని ఇంకోలా చదివింది: రాసింది ఎవరు, సంతకం ఎవరిది, పంచనామాలో సాక్షులెవరు. అప్పుడు కథ చిక్కబడింది. కొన్ని ఇళ్లలో ఫిర్యాదు ఇచ్చింది భార్య కాదు, మరిదో బావో. కొన్ని ఊళ్లలో పంచనామా సాక్షుల్లో ఒకాయన అప్పులిచ్చేవాళ్ల మనిషి. "అప్పు అని రాస్తే ఎవరి దగ్గర అని అడుగుతరు, ఊళ్లె మళ్ల మొహాలు చూసుకోవాలె కదా" అని ఒక పెద్దమనిషి దాపరికం లేకుండానే చెప్పాడు. పోస్టుమార్టం తొందరగా అయి మనిషి ఇంటికొస్తే చాలని, ఏది రాసినా సరేనన్న కుటుంబాలూ ఉన్నాయి. ఒక రైటర్ చెప్పింది కూడా నమ్మదగ్గదే: రాత్రిపూట ఏడుస్తూ వచ్చినవాళ్ల దగ్గర ఏది తొందరగా తెములుతుందో అదే రాస్తాం, ఈ ఎక్స్‌గ్రేషియా సంగతి మాకెవరు చెప్పారు అని. కుట్ర చేసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. నష్టం మాత్రం ప్రతిసారీ ఒకవైపే పోతోంది.

అచ్చయిన కథనంలో ఫిర్యాదులోని వాక్యం ఒకవైపు, ఇంట్లో వాళ్లు చెప్పింది ఇంకోవైపు పక్కపక్కన వేశాం. రెంటినీ కలిపే వ్యాఖ్య ఒక్కటీ రాయలేదు. పోలీసు అధికారి వివరణ, వ్యవసాయ శాఖ వివరణ మొదటి పేజీలోనే పెట్టాం, లోపలికి నెట్టలేదు. ఆత్మహత్య వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి: పద్ధతి వివరించకూడదు, సంచలనంగా పెట్టకూడదు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. పురుగుమందు పేరు తీసేశాం, ఫొటోలు వాడలేదు, చివర మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాం. హెడ్డింగ్ దగ్గర రాత్రి పదిన్నర దాకా లాగింది. డెస్క్ పెట్టిన మొదటి హెడ్డింగ్‌లో ప్రాసుంది. ప్రాస వద్దని పట్టుబట్టింది ఎవరనుకుంటున్నారు? ఛందస్సు చదివిన అమ్మాయే.

ఫలితం గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. కొన్ని ఫైళ్లు మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాయి. అందరికీ డబ్బు రాలేదు. కౌలుకు రుజువు అడిగారు, కౌలు నోటిమాటగా నడిచే చోట రుజువు ఎక్కడిది? జిల్లాలో ఫిర్యాదు రాసేటప్పుడు చదివి వినిపించి సంతకం తీసుకోవాలని స్టేషన్లకు చెప్పారని విన్నాం. అది ఎంత అమలైందన్నది ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తూనే ఉంది.

ఈ దారి కొత్తది కాదు

సాహిత్యం నుంచి పత్రికకు రావడాన్ని ఇప్పుడు దారి తప్పినట్టు మాట్లాడతారు. మన దగ్గర పత్రికలు మొదలైందే అలా. కందుకూరి వీరేశలింగం తెలుగు పండితుడు; 1874లో వివేకవర్ధని పెట్టి లంచాల మీద, దురాచారాల మీద రాశారు. విద్వాన్ విశ్వం పేరులోనే డిగ్రీ ఉంది. సంస్కృతాంధ్రాలు చదువుకుని, మీజాన్‌లోనూ ఆంధ్రప్రభలోనూ పనిచేసి, మాణిక్యవీణ శీర్షికతో వారంవారం పాఠకులను కూర్చోబెట్టారు. బూదరాజు రాధాకృష్ణ తొలి పరిశోధన శాసనాల భాష మీద. రాళ్ల మీద ఎవరు ఎవరికి ఏమిచ్చారో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివిన మనిషి తర్వాత ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. తెలుగు డెస్కుల్లో ఈరోజు సీనియర్లుగా ఉన్న చాలామంది వాక్యం ఆయన ఎర్రసిరా కింద నలిగిందే.

నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేది మాత్రం సురవరం ప్రతాపరెడ్డి గురించి. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వినిపిస్తే, సంపాదకీయం రాసి కోప్పడి ఊరుకోవచ్చు. ఆయన ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వేశారు. సాహిత్య చరిత్రలో దాన్ని సంకలనం అంటారు. నాకైతే అది ఒక అబద్ధపు ప్రకటనకు రిపోర్టర్ ఇచ్చే జవాబు: పేరు, ఊరు, రుజువు. ఇప్పుడాయన పేరు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టారు. అక్కడ చదివే పిల్లలు ఆ సంచికను కవిత్వం పేపర్లో చదువుతున్నారు, జర్నలిజం పేపర్లో కూడా పెడితే బాగుండేది.

ఎంఏ చదువుతున్నవాళ్లు అడిగేవి

ఈ కేసు చెప్పినప్పుడల్లా యూనివర్సిటీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, జర్నలిజం డిగ్రీ కూడా చేయాలా అని. ఉస్మానియాలో 1954 నుంచీ జర్నలిజం శాఖ ఉంది, చేసినవాళ్లకు చట్టం, పత్రికల చరిత్ర ముందే తెలిసి ఉంటాయి. కానీ తెలుగు దినపత్రికలు సొంత పరీక్ష పెట్టి, స్టైపెండ్ ఇచ్చి, సొంతంగా తయారుచేసుకోవడానికే ఇష్టపడతాయి. దానికి ఏ డిగ్రీ అయినా ఒకటే. అందుకని ఇంకో రెండేళ్లు ఖర్చు పెట్టేముందు ఒకసారి ఆ పరీక్ష రాసి చూడమంటాను.

ఇంగ్లిష్ గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. మాట్లాడటం రాకపోయినా నడుస్తుంది. చదవడం రాకపోతే నడవదు. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదిక, హైకోర్టు తీర్పు, బడ్జెట్ పత్రం అన్నీ ఆ భాషలోనే వస్తాయి. పాతిక పేజీల తీర్పు కూర్చుని చదివే ఓపిక ఉన్నవాళ్లు న్యూస్‌రూమ్‌లో ఎంతమంది ఉంటారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. వసుచరిత్ర కావ్యంలో రెండర్థాల శ్లేషలు విడదీసిన బుర్రకు తీర్పులోని ఇంగ్లిష్ పెద్ద కష్టం కాదు, అలవాటు కావాలంతే. చదువుకుంటున్నప్పుడే సమాచార హక్కు కింద మీ మండలంలోని ఏదో ఒక పని గురించి దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువుంది. వచ్చిన కాగితంలో ఏది చెప్పలేదో వెతకండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం చూపించిన అభ్యర్థిని నేనింతవరకు వెనక్కి పంపలేదు.

ఉద్యోగం సంగతికొస్తే తీపి మాటలు చెప్పను. 2020లో కోవిడ్ వచ్చాక పత్రికలు జిల్లా పేజీలు కుదించాయి, మనుషులను తగ్గించాయి. ఆ పేజీలన్నీ తిరిగి రాలేదు. ఏజెన్సీ వార్తను తెలుగు చేయడం ఒక్కటే తెలిసినవాళ్ల పని ఇప్పుడు మెషిన్ సగం చేస్తోంది. చేరేముందు స్టాఫా, కంట్రిబ్యూటరా అన్నది గట్టిగా అడగాలి. కంట్రిబ్యూటర్ అంటే చాలాచోట్ల నెల జీతం ఉండదు, పైగా యాడ్స్ తెచ్చే బాధ్యతా మీద పడుతుంది. యాడ్ ఇచ్చినాయన మీద వార్త ఎలా రాస్తారు? సాహిత్యం చదివిన సున్నితమైన పిల్లలు ఇక్కడే విరిగిపోవడం చూశాను.

ఈ అమ్మాయి విరగలేదు, అలాగని అన్నీ వదిలేసుకుని జర్నలిజానికి అంకితమైపోనూ లేదు. 2022 చివర్లో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు తెలంగాణలో నోటిఫికేషన్ వస్తే సెలవు పెట్టి మరీ ఆ పరీక్ష రాసింది. రాలేదు. మళ్లీ పడితే మళ్లీ రాస్తానంటోంది, రాయమనే నేనూ చెప్పాను. ప్రస్తుతం హైదరాబాద్ బ్యూరోలో వ్యవసాయం, రెవెన్యూ చూస్తోంది. భూముల వివాదాల్లో పాత పహాణీలు (భూమి, సాగు వివరాలు రాసే రికార్డులు), కొత్త రికార్డులు పక్కపక్కన పెట్టి చదివే పని ఎక్కువ. పాఠాంతరాలు చూసుకున్నట్టే ఉంది సార్ అంటుంది. తాళపత్ర ప్రతుల్లో ఒక అక్షరం తేడా ఉంటే పద్యం అర్థం మారుతుంది, ఇక్కడ సర్వే నంబరులో బై పక్కన అంకె మారితే ఎకరం మారుతుంది.

మా పరీక్షలో ఒక మార్పు మాత్రం ఈ కేసు తర్వాతే చేయించాను. వ్యాసం తీసేశాం. దాని బదులు పేర్లు మార్చిన ఒక ఎఫ్‌ఐఆర్, దాని మీద వచ్చిన ప్రెస్ నోట్ ఇస్తున్నాం. రెంటికీ ఎక్కడెక్కడ పొసగట్లేదో రాయాలి, ఎవరెవరిని కలిసి ఏమడుగుతారో చెప్పాలి. గంట టైమ్. ఎంఏ తెలుగు వాళ్లే ఇందులో బాగా చేస్తున్నారని ఇప్పుడే అనలేను. మొన్నటి బ్యాచ్‌లో అందరికంటే బాగా రాసింది ఒక బీటెక్ కుర్రాడు. ఇంటర్వ్యూలో తీరిక వేళ ఏం చేస్తావని అడిగితే, ఊళ్లో లైబ్రరీ మూసేసేదాకా అక్కడి కథల పుస్తకాలన్నీ చదివానన్నాడు. అతన్నీ క్రైమ్ బీట్‌కే పంపాం.